పెట్టుబడి, కట్టుబడి, చెల్లుబడి

తెలుగులో 'బడి' చేరిన మాటలు ఒక కుటుంబంగా ఉంటాయి. పెట్టు మీద చేరి పెట్టుబడి అయినది. రా మీద చేరి రాబడి, దిగు మీద చేరి దిగుబడి, కట్టు మీద చేరి కట్టుబడి, చెల్లు మీద చేరి చెల్లుబడి అయినవి. ఒక తల్లి బిడ్డల వంటి ఈ మాటలను పక్కపక్కన నిలిపి చూస్తే వర్తక ప్రపంచపు మర్మమంతా వాటిలోనే ఉన్నట్లు తోస్తుంది. ఒకరు సొమ్ము పెడతారు, అది పెట్టుబడి. ఇరువురూ మాటకు నిలుస్తారు, అది కట్టుబడి. చివరకు ఎవరి మాట సాగుతుందో, అది చెల్లుబడి.

సొంత పేరుతో కొత్త రకం బట్టలు తయారుచేయించి అమ్మాలని ఉబలాటపడే యువతీయువకులు ఇప్పుడు మా అనకాపల్లి ప్రాంతంలో కూడా కనబడుతున్నారు. అందరి నోటా ఒకటే ప్రశ్న: డబ్బు పెట్టేవారు ఎక్కడ దొరుకుతారు? ఈ తీరంలో ఆ ప్రశ్నకు నాలుగు వందల ఏళ్ల వయసున్నది. ఆ చరిత్ర తిరగేస్తే ఒక విశేషం కనబడుతుంది. డబ్బు పెట్టేవాడు దొరకక చెడినవారు కొందరు ఉన్నారు. దొరికిన తరువాత చెడినవారు అంతకంటె ఎక్కువమంది ఉన్నారు. ఎందుకు అలా జరిగినదో చదువరులతో పంచుకోవాలని ఈ వ్యాసం.

ముందుగా బట్టకు పెట్టుబడి ఎందుకంత అవసరమో చూద్దాము. బెల్లం విషయం మా ఊరివారికి ఎవరూ చెప్పనక్కరలేదు. చెరకు నాటిన నాటినుండి బెల్లపు దిమ్మ కొట్టుకు చేరేవరకు రైతు ఖర్చు పెడుతూనే ఉండాలి, రాబడి మాత్రం చివరనే. ఆ నడుమ సొమ్ము సర్దిన వర్తకుడి కొట్టుకే సరుకు తోలవలసి వస్తుంది. బట్ట కూడా అంతే. నూలు కొనాలి, రంగులు వేయించాలి, పడుగు పోయించాలి. మగ్గం మీద పని సాగినన్నాళ్లు ఇంటిల్లిపాదీ తినాలి. బట్ట దిగినాక కూడా కొనేవాడు వచ్చేవరకు ఆగాలి. ఈ వ్యవధిని ఎవరో ఒకరు సొమ్ముతో పూడ్చాలి. బట్ట వ్యాపారంలో పెట్టుబడి అంటే ప్రధానంగా కాలానికి చెల్లించే వెల.

లండనులో ఈస్టిండియా కంపెనీ 1600 డిసెంబరు 31న పుట్టినది. మనవారు దానిని కుంఫిణీ అన్నారు. తొలిరోజుల్లో వారిది శాశ్వతమైన మూలధనం కాదు. ఒక్కొక్క ఓడ యాత్రకు వేరువేరుగా వాటాలు వేసుకొని, ఓడ తిరిగివచ్చాక లాభం పంచుకునేవారు. అటువంటి ఏడవ యాత్రలో 'గ్లోబ్' అనే ఓడ 1611లో నిజాంపట్నం, మచిలీపట్నం రేవులకు వచ్చినది. దానిని నడిపిన వర్తక ప్రముఖులు పీటర్ ఫ్లోరిస్, లూకస్ ఆంథునిస్ అనేవారు ఇద్దరూ అంతకుముందు డచ్చివారి కొలువులో ఈ తీరం ఎరిగినవారే. డచ్చివారు 1606 నాటికే ఇక్కడ పాదం మోపి ఉన్నారు.

వీరికి మన బట్టతో ఏమి పని? ఆ రోజుల్లో వారి దృష్టి ఇంగ్లండులో బట్ట అమ్మడం మీద లేదు. జావా, సుమత్రా, సయాము వైపు మిరియాలు, లవంగాలు కొనాలంటే అక్కడివారు వెండికంటె తెలుగు తీరపు బట్టను ఇష్టంగా తీసుకునేవారు. మన నేతగాడి బట్ట వారికి నాణెంగా చెల్లినది.

ఆ నాణెం కూడా ఏ ఊరి ముద్ర ఆ ఊరిలోనే చెల్లేది. ఫ్లోరిస్ రాసుకున్న దినచర్యలో ఒక ముచ్చట ఉన్నది. మలయా ప్రాంతంలో అమ్మడానికి తీసుకుపోయిన బట్టలకు అంచున ఉండవలసిన సన్నని తెల్లచార విషయంలో చిన్న పొరపాటు జరిగినది. ఆ కాస్త తేడాకే ధర దారుణంగా పడిపోయినదట. ఇంత చిన్న లోపానికి ఇంత నష్టం ఉంటుందని తానెన్నడూ నమ్మేవాడిని కాదని అతడు వాపోయినాడు. కొనేవాడి కన్ను ఎక్కడ నిలుస్తుందో తెలియక ఖజానా అంతా కుమ్మరించినా బట్ట అమ్ముడుపోదు. ఈ నాటి కొత్త వ్యాపారులకు ఇది మొదటి పాఠం.

ఇక సొమ్ము నేతగాడి దాకా ఎలా చేరేది? తెల్లవారికి మన పల్లెలు తెలియవు, మన భాష రాదు. అందుచేత వారు స్థానిక వర్తకులకు బయానా ఇచ్చేవారు. ఆ వర్తకులు తమ కింది దళారులకు, వారు నేతగాళ్లకు ముందుసొమ్ము పంచేవారు. ఉత్తరాదిన దీనిని 'దాదనీ' అన్నారు, పారసీకంలో 'ఇవ్వడం' అనే అర్థమున్న మాట నుండి. నేతగాడు ఆ సొమ్ముతో నూలు, ధాన్యం కొనుక్కొని, ఒప్పుకున్న గడువుకు బట్ట ఇచ్చేవాడు. చెన్నపట్నంలో కాశీ వీరన్న వంటి వర్తకులు ఈ విధంగానే ఎదిగినారు. 1680లో ఆయన మరణించినప్పుడు కోట నుండి ముప్పై ఫిరంగులు పేల్చి గౌరవించారంటే, కుంఫిణీ వర్తకం ఆయన మీద ఎంతగా ఆధారపడినదో ఊహించవచ్చు. ఆ తరువాత కుంఫిణీ స్థానిక వర్తకులను వాటాదారుల సంఘంగా కూర్చి, సరుకు బాధ్యతను అందరి మీద ఉమ్మడిగా ఉంచడానికి ప్రయత్నించినది. నష్టం వస్తే ఒకరికొకరు పూచీ పడాలన్నది అందులోని కిటుకు.

ఇక్కడ ఒక విషయం మనసులో ఉంచుకోవాలి. ఆ కాలపు దక్షిణాది ఆచారం ప్రకారం నేతగాడు తీసుకున్న ముందుసొమ్మును తిరిగి ఇచ్చివేసి ఒప్పందం నుండి బయటపడవచ్చు. మరొక వర్తకుడు మంచి ధర ఇస్తానంటే పాతవాడి సొమ్ము పాతవాడికి చెల్లించి కొత్తవాడికి నేయవచ్చు. వర్తకుడు కాదనడానికి వీలులేదు. బట్ట నాసిగా ఉన్నదని వర్తకుడు తిరగగొడితే దానిని నేతగాడు వేరొకరికి అమ్ముకోవచ్చు. ఆర్థిక చరిత్రకారుడు ప్రసన్నన్ పార్థసారథి ఈ సంగతిని చాలా వివరంగా రాసినాడు. అంటే పెట్టుబడి వర్తకుడిదైనా చెల్లుబడి పూర్తిగా అతనిది కాదు. డచ్చివారు, ఇంగ్లీషువారు, ఫ్రెంచివారు, మన వర్తకులు పోటీపడి కొంటున్నంతకాలం ఈ హక్కు నేతగాడికి కంచుకోట.

విశాఖపట్నంలో ఇంగ్లీషువారి వర్తకస్థానం 1682లో ఏర్పడినది. మన ప్రాంతపు బట్టలో పేరుపడినది పుంజం బట్ట. పుంజం అంటే నూట ఇరవై పడుగు పోగులు. పడుగులో ఎన్ని పుంజాలు ఉంటే బట్టకు ఆ పేరు. పద్నాలుగు పుంజాల బట్ట అంటే 1,680 పోగులు. పుంజాలు పెరిగినకొద్దీ నూలు సన్నబడాలి, నేర్పు పెరగాలి, ధర పెరగాలి. కొనేవాడికి, నేసేవాడికి నడుమ తగవు రాకుండా నాణ్యతను అంకెతో తేల్చిన పద్ధతి ఇది. ఇప్పటివారు ఎంతో గొప్పగా చెప్పుకునే 'నాణ్యతా ప్రమాణం' మన పల్లెల్లో పోగులు లెక్కపెట్టే వేళ్ల కొసన ఉండేది.

రోజులు మారినవి. ఉత్తర సర్కారులు 1765లో మొగలు చక్రవర్తి ఫర్మానాతో, 1766లో నిజాముతో చేసుకున్న ఒడంబడికతో కుంఫిణీ వశమైనాయి. అంతవరకు బట్ట కొనే బేరగాడు ఇప్పుడు శిస్తు వసూలు చేసే ప్రభువు కూడా అయినాడు. ప్రతి యేటా ఎగుమతికి సరుకు కొనడాన్ని కుంఫిణీవారు తమ లెక్కల్లో 'ఇన్వెస్ట్‌మెంట్' అని పిలిచేవారు. మనం నేడు పెట్టుబడి అని అనువదించుకునే మాట అదే. ఆ మాట వెనుక వచ్చినవి సొమ్ము ఒకటే కాదు, అధికారం కూడా.

క్రమంగా నడిమి వర్తకులను తప్పించి, కుంఫిణీ తన గుమాస్తాల ద్వారా నేరుగా నేతగాళ్లకు బయానా ఇవ్వసాగినది. దళారులు పోతే నేతగాడికి మేలే కదా అనిపిస్తుంది. జరిగినది వేరు. బయానా తీసుకున్నవాడు ఇతరులకు నేయరాదన్నారు. సొమ్ము తిరిగి ఇస్తానన్నా ఒప్పుకోలేదు. గడువుకు బట్ట ఇవ్వకపోతే ఇంటి మీదికి బంట్రోతులను పంపినారు. తీసుకోనన్నవాడి చేత కూడా బయానా పట్టించిన సందర్భాలు ఉన్నవి. 1798లో గోదావరి ప్రాంతంలో నేతగాళ్లు గుంపులుగా కూడి మగ్గాలు ఆపి ఎదిరించినారు. ఉత్తర కోరమాండల్ నేతగాళ్ల గురించి పి. స్వర్ణలత రాసిన గ్రంథంలో ఈ అలజడుల వివరాలు ఉన్నాయి. వారి కోరికలు చూస్తే గొప్ప గొంతెమ్మ కోరికలేమీ కావు. ధర న్యాయంగా ఉండాలి, బట్టను సరిగా తూచి విలువ కట్టాలి, గుమాస్తాల దౌర్జన్యం ఆగాలి.

నేతగాడు అంతకుముందు కూడా బయానా తీసుకున్నాడు, ఇప్పుడు కూడా తీసుకున్నాడు. సొమ్ము అదే, మగ్గం అదే, చేయి అదే. పోయినది ఒక్కటే: తిరిగి ఇచ్చి బయటపడే హక్కు. పోటీ కొనుగోలుదారుడు లేకపోవడం వల్ల ఒక సగం, రాజ్యాధికారం కొనుగోలుదారుడి చేతిలో ఉండడం వల్ల మరొక సగం ఆ హక్కు మాయమైనది. పెట్టుబడి చెల్లుబడిగా మారిన క్షణం అదే.

ఇంతటి కథకు ముగింపు మరింత విషాదకరమైనది. 1813 చట్టంతో కుంఫిణీకి భారత వర్తకం మీద ఉన్న గుత్తాధిపత్యం పోయినది. మాంచెస్టరు మరనూలు, మరబట్ట మన రేవుల్లో దిగసాగినవి. 1833 చట్టంతో కుంఫిణీ వర్తకమే మానుకొని కేవలం పాలకవర్గంగా మిగిలినది. ఒక్క కొనుగోలుదారుడినే నమ్ముకొని, మిగతా దారులన్నీ మూసుకుపోయిన నేతపల్లెలను ఆ ఒక్కడూ వదిలిపోయినాడు. నందన నామ సంవత్సరపు కరువు, అంటే 1832-33 నాటి ఘోర క్షామం, సరిగా ఆ సమయానికే వచ్చి పడినది. పెట్టుబడి ఉన్నప్పుడు సంకెల అయినది, పోయినప్పుడు ఆకలి అయినది.

అప్పటినుండి మనవారి ముందున్న ప్రశ్న: మన సొమ్మును మనమే కూర్చుకోలేమా? దీనికి జవాబులు ఇరవయ్యవ శతాబ్దంలో మొదలైనాయి. 1904 నాటి సహకార చట్టం పరపతి సంఘాలకు దారి తీసినది. 1912 చట్టం ఉత్పత్తి, అమ్మకాల సంఘాలకు కూడా వీలు కల్పించినది. 1921లో బెజవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెసు సంఘ సమావేశం కోటి రూపాయల తిలక్ స్వరాజ్య నిధి, ఇరవై లక్షల రాట్నాలు లక్ష్యంగా పెట్టుకున్నది. 1929లో గాంధీగారు ఆంధ్రలో తిరిగినప్పుడు ఊరూరా ఖద్దరు నిధికి విరాళాలు పోగుచేసినారు. స్త్రీలు ఒంటి మీది నగలు తీసి ఇచ్చినారు. లాభం ఆశించక పెట్టిన పెట్టుబడి అది. ఒక విధంగా చూస్తే ఖద్దరు కూడా ఒక కొత్త వస్త్రమే, దేశమంతా దానికి వాటాదారు.

కుంఫిణీ ఓడ వచ్చిన మచిలీపట్నంలోనే 1923 నవంబరులో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు ఆంధ్రా బ్యాంకును స్థాపించినారు. చెల్లించిన మూలధనం లక్ష రూపాయలు. లండను వాటాదారుల సొమ్ము దిగిన రేవులో తెలుగువారి వాటాల సొమ్ము పోగుపడడానికి మూడు వందల పన్నెండేళ్లు పట్టినది. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైనది.

చేనేతకు ప్రత్యేకంగా 1935లో మద్రాసు రాష్ట్ర చేనేత సహకార సంఘం ఏర్పడినది. దాని వారసత్వమే తమిళనాట 'కో ఆప్‌టెక్స్'. మన రాష్ట్రంలో 1976లో ఆప్కో వచ్చినది. నేతవారి పక్షాన జీవితాంతం పోరాడిన ప్రగడ కోటయ్యగారి పేరు ఈ సందర్భంలో తలచుకోకుండా ఉండలేము. శ్రీకాకుళం జిల్లా పొందూరులో 1949లో ఏర్పడిన ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం ఇప్పటికీ చెప్పుకోదగిన ఉదాహరణ. అక్కడ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, సన్ననూలు వడికి, చేతితోనే నేస్తారు. పత్తి, నూలు, మజూరీ, అమ్మకం అన్నీ సంఘం గొడుగు కింద ఉండడం వల్లనే మరలకు లొంగని ఆ విద్య నిలిచినది.

సహకారం సర్వరోగనివారిణి అని చెప్పడం నా ఉద్దేశం కాదు. బకాయిలు పేరుకుపోయిన సంఘాలు, పేరుకే మిగిలిన సంఘాలు మన జిల్లాల్లో ఎన్నో ఉన్నాయి. సంఘం కుంగినచోట షావుకారు మళ్లీ లేచినాడు. నూలు అతనిది, నమూనా అతనిది, మజూరీ మాత్రం నేతగాడిది. 2019-20 చేనేత గణన ప్రకారం దేశంలో చేనేత, అనుబంధ పనివారు 35 లక్షల 22 వేలమంది. వారి కుటుంబాల్లో సుమారు మూడింట రెండు వంతులు నెలకు అయిదు వేల రూపాయల లోపు ఆదాయంతో బతుకుతున్నవే. పడుగు పేకల మధ్య తరాలు గడిచినా చెల్లుబడి వారికి చేరలేదు.

ఇప్పుడు మా వాకిటి ముందు ఉన్న సంగతికి వద్దాము. అనకాపల్లి 2022 ఏప్రిల్ 4న జిల్లా కేంద్రమైనది. ఈ జిల్లాలో బట్టకు సంబంధించి రెండు లోకాలు ఉన్నాయి. ఒకటి తాండవ నది ఒడ్డున తునికి ఎదురుగా ఉన్న పాయకరావుపేట. అక్కడి చేనేత చీరలకు ఇప్పటికీ పేరున్నది. రెండవది అచ్యుతాపురం. శ్రీలంకకు చెందిన బ్రాండిక్స్ సంస్థ వెయ్యి ఎకరాల ప్రత్యేక ఆర్థిక మండలంలో అక్కడ దుస్తుల నగరం నెలకొల్పినది. చుట్టుపక్కల పల్లెల నుండి వేలాదిమంది స్త్రీలు తెల్లవారకముందే బస్సులెక్కి అక్కడ కుట్టుపనికి పోతారు. నాలుగు వందల ఏళ్ల కిందట మన బట్ట కోసం విదేశీ సొమ్ము వచ్చినట్లే ఇప్పుడు మన చేతుల కోసం విదేశీ సొమ్ము వచ్చినది.

దానివల్ల మేలు కలగలేదని అనను. ఆడపిల్ల చేతికి జీతం రావడం చిన్న మార్పు కాదు. పెళ్లి వాయిదా వేసుకొని చెల్లెలిని చదివించిన పిల్లలను నేను ఎరుగుదును. అయితే 2022 జూన్‌లో ఒకసారి, ఆగస్టులో మరొకసారి ఆ ప్రాంగణంలో విషవాయువు వ్యాపించి వందలాది స్త్రీలు ఆసుపత్రుల పాలైనప్పుడు, పెట్టుబడి తెచ్చినవారికి భూమి, నీరు, రాయితీ ఇవ్వడంలో చూపిన శ్రద్ధ అందులో పనిచేసేవారి ఊపిరి విషయంలో కూడా చూపవలసినదని అందరికీ తోచినది. ఒప్పందం రాసేటప్పుడు బల్లకు ఇరువైపులా ఎవరు కూర్చుంటారన్నది ఎప్పటికీ మొదటి ప్రశ్నే.

సొమ్ము సేకరణకు నేటి దారులు అనేకం. 2023 సెప్టెంబరులో 'కళామందిర్' పేరుతో చీరల దుకాణాలు నడిపే సాయి సిల్క్స్ సంస్థ ప్రజలకు వాటాలు అమ్మి 1,201 కోట్ల రూపాయల ఇష్యూ పూర్తిచేసినది. 2005లో హైదరాబాదు అమీరుపేటలో ఒక్క దుకాణంతో మొదలైన వ్యాపారం అది. కొత్త దుకాణాలకు, గిడ్డంగులకు, అప్పులు తీర్చడానికి, రోజువారీ సరుకు కొనుగోలుకు ఆ సొమ్ములో తాజా వాటాల భాగాన్ని కేటాయించినారు. గమనించండి, ఇంత పెద్ద సంస్థకు కూడా సొమ్ము కావలసినది ఆనాటి నేతగాడికి కావలసిన కారణానికే: బట్ట కొన్న రోజుకూ అమ్మిన రోజుకూ నడుమ ఉన్న కాలాన్ని దాటడానికి.

నేతవారి కుటుంబంలో పుట్టిన నా పాత విద్యార్థి ఒకడు పట్టణంలో ఉద్యోగం వదలి, తన వారు నేసిన బట్టతో చొక్కాలు, కుర్తాలు కుట్టించి సొంత పేరుతో అమ్మాలని పూనుకున్నాడు. పెట్టుబడి పెడతామన్న పెద్దమనుషులు ఇచ్చిన కాగితాలు చూపించి, "మాస్టారూ, వీళ్లు సొమ్ము ఎక్కువే ఇస్తామంటున్నారు, ఒప్పుకోమంటారా?" అన్నాడు. నేను తెలుగు పంతులును, లెక్కలు నాకేమి తెలుసు? కాని చరిత్ర చదివినవాడిగా అతనికి నాలుగు ప్రశ్నలు రాసి ఇచ్చినాను. అవి ఇతరులకూ పనికిరావచ్చు.

సొమ్ము తిరిగి ఇచ్చివేసి ఒప్పందం నుండి బయటపడే దారి ఆ కాగితంలో ఉన్నదా? వేరొకరికి సరుకు అమ్మే స్వేచ్ఛ ఉన్నదా, లేక ఒక్కరికే కట్టుబడి ఉండాలా? బట్ట బాగున్నదో లేదో తేల్చేది ఎవరు, పుంజం వంటి ఉభయులకూ సమ్మతమైన కొలత ఏదైనా ఉన్నదా? సరుకు అమ్ముడుపోని నాడు నష్టం ఎవరెవరికి ఎంతెంత, అందులో మగ్గం మీద కూర్చున్నవాడి వాటా ఎంత?

అతడు చాలాసేపు ఆ కాగితం కేసి చూసి, మొదటి ప్రశ్నకు తన దగ్గర జవాబు లేదన్నాడు. వాళ్లను అడిగి వస్తానని వెళ్లినాడు. ఆ ప్రశ్న అడిగినందుకే పెట్టుబడిదారులు వెనుదిరిగితే దిగులుపడనక్కరలేదని చెప్పి పంపినాను. రెండు శతాబ్దాల కిందట మన నేతగాళ్లు మగ్గాలు ఆపి అడిగినది దాదాపు ఇదే. వారికి అడిగే అవకాశం సొమ్ము పుచ్చుకున్న తరువాత వచ్చినది. ఇప్పటివారికి ముందే ఉన్నది.

కట్టుబడి రెండు వైపులా ఉన్నప్పుడే పెట్టుబడి పంట అవుతుంది. ఒకవైపే ఉంటే అది ఒకరి చెల్లుబడి, మరొకరి వెట్టి. తక్కువ సొమ్ముతో పది మగ్గాలు నడపడం, ఎక్కువ సొమ్ముతో వంద మగ్గాలు ఇతరుల పాలు చేయడంకంటె మేలని ఈ తీరపు చరిత్ర చెబుతున్నది. అటుపైన ఎవరి సాహసం వారిది.